బారికేడ్ దగ్గర దింపుడు కళ్లం

2011లో, బతుకమ్మ పండుగ దాటిన కొన్నాళ్లకు, నన్ను ఎల్బీ నగర్ సెక్టారుకు ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి నేను అసిస్టెంట్ కమిషనర్ని. బందోబస్తు భాషలో సెక్టారంటే ఒక రోడ్డు ముక్క. నా ముక్క దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర మొదలై, కొత్తపేట పండ్ల మార్కెట్ మీదుగా సాగి, ఎల్బీ నగర్ రింగురోడ్డు చౌరస్తాలో ముగిసేది. తెలంగాణ కోసం ప్రభుత్వోద్యోగులు, బస్సుల వాళ్లు, పంతుళ్లు అందరూ సమ్మెలో ఉన్నారు. నల్గొండ వైపు నుంచి వచ్చే బస్సులు ఆగిపోయి చౌరస్తా బోసిగా ఉండేది. ఖాళీ రోడ్డు చూస్తే మామూలు మనిషికి హాయిగా ఉంటుంది. పోలీసుకు మాత్రం ఆ హాయి ఉండదు, అది కాసేపట్లో నిండుతుందని వాడికి తెలుసు కాబట్టి.

పోలీసు ఉద్యోగం గురించి నన్ను అడిగేవాళ్లు ఎక్కువగా కాల్పుల గురించి, లాఠీఛార్జీల గురించి అడుగుతారు. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక టోపీ గురించి చెబుతాను.

ముందు మా శాఖ సంగతి కొంచెం. బయటివాళ్లకు ఖాకీ అంతా ఒకటే. లోపల మేము రెండు తెగలం. స్టేషన్లలో కేసులు చూసేవాళ్లు ఒక తెగ, నేను ఆ తెగవాణ్ని. రెండోది ఆర్మ్‌డ్ రిజర్వు. లాఠీలు, షీల్డులు, గ్యాస్ గన్నులు పట్టుకుని వరసలో నిలబడేది వాళ్లు. వాళ్ల ప్లటూన్లకు పెద్ద రిజర్వు ఇన్‌స్పెక్టర్, మా వాడుకలో ఆర్ఐ. బందోబస్తులో ఏం చేయాలో చెప్పేది నాలాంటి వాడే అయినా, ఆ వరస కదిలేది, ఆగేది ఆర్ఐ నోటి మాట మీదే. రాళ్లు పడుతున్నప్పుడు కుర్రాడు నా భుజం మీద నక్షత్రాల వైపు చూడడు. రోజూ పొద్దున్నే తనను గ్రౌండులో పరిగెత్తించే ఆర్ఐ గొంతు కోసం చూస్తాడు. ఈ మాట గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను.

నా సెక్టారుకు వచ్చిన ఆర్ఐ పేరు యాదగిరి. నల్గొండ జిల్లా పల్లె నుంచి చిన్నప్పుడే తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చినవాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. నేను కృష్ణా జిల్లావాణ్ని. చేరిన నాటి నుంచి సైదాబాద్‌లోనే కాపురం ఉన్నా ఆ రోజుల్లో రోడ్డు మీద నాకు ‘ఆంధ్రా పోలీసు’ అనే పేరు తప్పలేదు. యాదగిరికి ఇంకో రకం తిప్పలు. రోడ్డు మీద పిల్లలు అతన్ని చూసి ‘తెలంగాణ ద్రోహి’ అని అరిచేవారు. మా పై అధికారులు అతని జిల్లా చూసి, తమ్ముడు శ్రీశైలం సమ్మెలో ఉన్న బస్సు డిపో మెకానిక్ అని విని, అతని వైపు అనుమానంగా చూసేవారు. ఇద్దరం ఒకే జీపు నీడన నిలబడి ఎవరి తిట్లు వాళ్లం తినేవాళ్లం. ఒకసారి అతనే అన్నాడు, “సార్, మిమ్ముల పొమ్మంటున్నరు, నన్ను రమ్మంటున్నరు. నిలబడుమన్నోడు ఒక్కడు లేడు.”

యాదగిరి తండ్రి మల్లయ్య గారు పండ్ల మార్కెట్లో హమాలీ చేసి ఇద్దరు కొడుకుల్ని పెంచాడు. నేను ఆయన్ని బాగా ఎరుగుదును. పరేడ్ ఉన్న రోజుల్లో మా గ్రౌండు గోడ అవతల నిలబడి కొడుకుని చూసుకునేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. బస్తాలు మోసి మోసి ఆయన నడినెత్తిన వెంట్రుకలు లేవు. “నేను నెత్తిమీద సుట్టబట్ట పెట్టుకున్న సారూ, వీడు టోపీ పెట్టుకున్నడు, గది సాలు నాకు,” అన్నాడొకసారి. ఇంటికి పోయినా తాను కళ్లారా చూసేదాకా కొడుకు టోపీ తీయకూడదు. అది ఆ ఇంటి నియమం. ఇన్‌స్పెక్టర్ అయ్యాక కూడా యాదగిరి గడప బయట టోపీ సర్దుకుని లోపలికి వెళ్లేవాడు. నేను చూసి నవ్వితే సిగ్గుపడేవాడు.

ఇక దిష్టిబొమ్మల సంగతి. ఉద్యమంలో ఉత్తుత్తి శవయాత్రలు మామూలైపోయాయి. నాయకుడి బొమ్మను గడ్డితో చేసి, పాడె కట్టి, డప్పులు కొట్టి, ముందు ఒకడు కుండ పట్టుకుని ఏడుస్తూ నడిచి, చౌరస్తాలో తగలబెట్టేవారు. నిజం శవయాత్రకూ దీనికీ దూరం నుంచి తేడా తెలిసేది కాదు, అంత బాగా చేసేవారు. ఒక రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో అలాంటి పాడె ఒకటి వస్తుంటే మా హెడ్ కానిస్టేబుల్ జానీమియా నిజం చావనుకుని బారికేడ్ పక్కకు లాగి, దారిచ్చి, సెల్యూట్ కొట్టాడు. ఆయన పెద్దవాడు. ఏ మతం శవం వచ్చినా అలాగే చేసేవాడు. బొమ్మ ఒక మంత్రి గారిది. టీవీల వాళ్లకు పండగైంది. పోలీసు సెల్యూట్, గడ్డిబొమ్మ, పొద్దంతా అదే తిప్పి తిప్పి చూపించారు. జానీమియాను కంట్రోల్ రూముకు మార్చారు. మా డీసీపీ గారికి మాత్రం ఆ మంట ఆరలేదు. పై నుంచి ఆయనకు ఏం అక్షింతలు పడ్డాయో తెలియదు. మర్నాటి నుంచి మాకు కొత్త ఆర్డరు వచ్చింది. సెక్టారులో ఏ పాడె కనిపించినా బారికేడ్ దగ్గర ఆపాలి, దించాలి, గుడ్డ తీసి చూడాలి. చూసేది కార్డన్ అధికారి, అంటే ఆ వరసకు కమాండర్ స్వయంగా చూడాలి. ఒక మనిషి పరువు పోతే శాఖ మొత్తానికి కొత్త నియమం పుట్టుకొస్తుంది. నా సర్వీసులో చాలా నియమాలు అలాగే పుట్టాయి.

ఆ వారంలోనే ఒక రోజు పొద్దున రోల్ కాల్ అయ్యాక యాదగిరి నా జీపు దగ్గరికి వచ్చి సెల్యూట్ చేశాడు. చేయి దించలేదు.

“సార్, మా నాయిన పోయిండు.”

ఎప్పుడని అడిగాను. తెల్లారేసరికట. నిద్రలోనే. తాను డ్యూటీ ఎక్కాక ఫోనొచ్చిందట. ఇల్లు చౌరస్తా వెనక కాలనీలో, నడిచి పోయేంత దూరం. శ్మశానం రోడ్డుకు ఇవతల, బడంగ్‌పేట్ వైపు. మధ్యలో మా బారికేడ్. “పొద్దుగూకకముందు కానియ్యాలె సార్. పెద్దకొడుకును నేను. అగ్గికుండ నేను పట్టాలె,” అన్నాడు.

సెలవులన్నీ రద్దయి ఉన్నాయి. అత్యవసరమైతే డీసీపీ గారు మాత్రమే వదలగలరు. వెంటనే సెట్‌లో మాట్లాడాను. సెట్ అంటే వైర్‌లెస్.  విషయం విని ఆయన, ఈ వారంలో తెలంగాణ అధికారుల ఇళ్లలో చావులు ఎక్కువయ్యాయన్నాడు. సమ్మెలో కలవడానికి సెలవు దొరక్కపోతే అమ్మానాన్నల్ని చంపుతున్నారని అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. యాదగిరి నా పక్కనే నిలబడి ఉన్నాడు. సెట్‌లో వచ్చే మాట పది అడుగుల దాకా వినబడుతుంది.

“స్టేషన్ వాళ్లతో వెరిఫై చేయించండి. నిజమైతే రిలీవర్ని పంపిస్తాను,” అని ముగించాడు.

అంటే చావు నిజమా కాదా అని ఒక కానిస్టేబుల్ వెళ్లి చూసి రావాలి. నేనే వెళ్లి చూస్తానన్నాను, సెక్టారు వదలొద్దన్నారు. మా స్టేషన్లలో మనుషులే లేరు, అందరూ రోడ్ల మీదే. ఎట్టకేలకు ఎవరో ఒక కుర్ర కానిస్టేబుల్‌ను మఫ్టీలో పంపారు. ఈలోగా ఆ కాలనీలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. శ్రీశైలం తోటి డిపో వాళ్లు వచ్చారు, అది న్యాయమే. వాళ్ల వెనక అక్కడి ఉద్యమ నాయకుడు ఒకడు కుర్రాళ్లను వెంటేసుకుని వచ్చాడు. సమ్మెలో ఉన్నవాడి తండ్రి, అన్న చూస్తే పోలీసు, పైగా అన్నను చావుకు కూడా వదలడం లేదు. అంతకంటే మంచి శవం ఆయనకు ఎక్కడ దొరుకుతుంది? జెండాలు తెప్పించాడు. మల్లయ్య గారి మీద కప్పిన తెల్లగుడ్డ పైన ఉద్యమ కండువా ఒకటి పరిచాడు. ఆడవాళ్లు ఏడుస్తుంటే పక్కన ‘జై తెలంగాణ’ నినాదాలు మొదలయ్యాయి.

మా కానిస్టేబుల్ సందు మొగలోనే ఆగిపోయాడు. లోపలికి పోతే గుర్తుపట్టి కొడతారని భయం. దూరం నుంచి చూస్తే జెండాలు, నినాదాలు, డప్పులు, వెదురు కర్రలతో కడుతున్న పాడె. వాడికి ఆ వారమంతా కనిపించింది అవే. ఫోన్ చేసి చెప్పేశాడు. మృతి సంగతి తెలియరాలేదు, ఉద్యమకారులు దిష్టిబొమ్మ శవయాత్రకు సిద్ధమవుతున్నారు అని. వాణ్ని నేను తిట్టను. వాడు చూసింది చెప్పాడు. చూసిందాన్ని అలా చదవడం మేమే నేర్పాం.

డీసీపీ గారికి అది చాలు. రిలీవర్ని ఆపేశాడు. మీ ఆర్ఐ మనందర్నీ వెధవల్ని చేస్తున్నాడని నాతో అన్నాడు. నేను యాదగిరిని ఎన్నేళ్లుగానో ఎరుగుదునని, వాళ్ల నాన్నను కూడా ఎరుగుదునని, కావాలంటే నా ఉద్యోగం పూచీ పెడతానని చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు. “వ్యక్తిగత హామీలు వద్దండీ. పాడె మీ దగ్గరికే వస్తుందిగా. దించి చూడండి. మనిషైతే పంపండి,” అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! కూరగాయల సంచి దించి చూడమన్నంత తేలిగ్గా.

యాదగిరి అంతా విన్నాడు. వెళ్లి తన వరస ముందు నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా మంచినీళ్లు కూడా తాగలేదు. ఎండ కాస్త వాలాక కాలనీ వైపు నుంచి డప్పు వినిపించింది. బారికేడ్ ఇటు షీల్డుల వరస, అటు వస్తున్న జనం. ముందు శ్రీశైలం, తడిబట్టలతో, చేతిలో అగ్గికుండ. అన్న రావడం లేదని తెలిసి పెద్దలు కుండ అతని చేతికిచ్చారు. వెనక పాడె. దాని వెనక జెండాలు, ఆ జెండాల వెనక ఇంకా జనం. చావుకు వచ్చినవాళ్లెవరో, నినాదాలకు వచ్చినవాళ్లెవరో చెప్పలేం. వెనక వరసల్లో కొందరి జేబులు బరువుగా వేలాడుతున్నాయి. అవి రాళ్లని చెప్పడానికి అనుభవం అక్కర్లేదు.

సెట్‌లో డీసీపీ గారు అడిగారు, పాడె ఆపారా అని. ఆపామన్నాను. నేనే వెళ్లి చూస్తాను, నువ్వు పక్కకు రా అని యాదగిరితో అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

“నా లైను సార్ ఇది. నేనే జూస్త.” బారికేడ్ సందులోంచి అవతలికి వెళ్లి, మోస్తున్న నలుగురి ముందు నిలబడ్డాడు. “దించుండ్రి,” అన్నాడు.

జనం భగ్గుమన్నారు. పోలీసులకు అమ్మానాన్నలుండరా అని ఎవరో అరిచారు. వాళ్లలో చాలామందికి ఇతనెవరో తెలియదు. శ్రీశైలానికి తెలుసు. కుండలోంచి పొగ ముఖం మీదికి వస్తున్నా కళ్లు పక్కకు తిప్పలేదు.

“నాయిన్ని గూడ చెక్ జేస్తవా అన్నా?” అన్నాడు.

 మోస్తున్నవాళ్లు పాడెను రోడ్డు మీద దించారు. అప్పుడు అతను వెనక్కి వచ్చి, టోపీ తీసి, నా చేతిలో పెట్టాడు. వంగి బూట్ల లేసులు విప్పాడు. ఎండకు కాలిన తారు మీద ఒట్టి కాళ్లతో నడిచి వెళ్లి పాడె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు ఆ కండువా తీసి, మడిచి, పక్కన పెట్టాడు. తర్వాత తెల్లగుడ్డ ముఖం దాకా జరిపాడు. ఆర్డరు ప్రకారం చూడాల్సింది అంతే.

చూసి లేవలేదు. తండ్రి చెవి దగ్గరికి వంగాడు.

“నాయినా.”

వినబడేలాగే పిలిచాడు. కాసేపాగి మళ్లీ పిలిచాడు. మూడోసారీ పిలిచాడు. అప్పటికి గుంపులోని ముసలివాళ్లకు అర్థమైంది. ఇంటికీ కాటికీ మధ్య ఒకచోట పాడె దించి, పోయినవాడి చెవిలో ముమ్మారు పిలవడం మనలో ఆచారం. ప్రాణం ఏ మూలన్నా మిగిలి ఉంటే పలుకుతుందేమోనని ఆశ. దాన్ని దింపుడు కళ్లం అంటారు. పెద్దకొడుకు పిలవాలి. అతను లేడని, వాళ్లు పాడెను ఎక్కడా దించకుండానే తెచ్చేశారు. ఒక ముసలామె “పెద్దోడు పిలిసిండు, పెద్దోడు పిలిసిండు,” అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డప్పు ఆగిపోయింది. నినాదాలూ ఆగాయి. నా వరసలోని కుర్రాళ్లు షీల్డుల వెనక తలలు దించుకున్నారు. నా చేతిలో టోపీ లోపలి పట్టీ చెమటకు తడిసి ఉంది. నాకు ఏడుపొచ్చింది. యూనిఫారంలో ఉన్నందుకు కాదు, ఏడిస్తే డీసీపీ సెట్‌లో వింటాడని ఆపుకున్నాను.

యాదగిరి గుడ్డ సర్ది లేచాడు. వచ్చి బూట్లు వేసుకుని, నా దగ్గర టోపీ తీసుకుని పెట్టుకున్నాడు. సెట్ నా చేతిలోంచి తానే అందుకున్నాడు.

“చెక్ చేసిన సార్. మనిషే. మా నాయిన.”

 అవతల నుంచి, “ఓకే. పాస్ చేయండి. ఎవరూ పాయింట్ వదలొద్దు,” అని వచ్చింది.

శ్రీశైలం కుండను అన్న వైపు చాపాడు. “పట్టు అన్నా. రా,” అన్నాడు. ఇప్పుడతని గొంతులో కోపం లేదు. నేను యాదగిరిని వెళ్లమన్నాను. పాయింట్ సంగతి నేను చూసుకుంటాను, ఏం వచ్చినా నా మీద రాసుకుంటానన్నాను. అది ధైర్యం కాదు, ఆ స్థితిలో ఎవడైనా అనే మాట. అతను వెనక వరసల్లోని బరువు జేబుల వైపు చూశాడు. ఆ తర్వాత తన కుర్రాళ్ల వైపు చూశాడు. వాళ్లు పొద్దుటి నుంచి నిలబడి ఉన్నారు, ఆ వారంలో చాలామందికి దెబ్బలు తగిలాయి.

“నేను పోతే వీండ్లు ఎవని మాట ఇంటరు సార్? ఎనక నుంచి ఒక్క రాయి పడ్డదనుకో, ఇటు నుంచి లాఠీ లేస్తది. మా నాయిన పాడె నడిమిట్ల ఉంటది.” శ్రీశైలం భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వు పోయి కానియ్యి. నాయిన మీద దెబ్బ పడకుంట నేను చూసుకుంట.”

బారికేడ్ తెరిపించాడు. వరసను రెండుగా చీల్చి, షీల్డులు నేలకు దింపించి, లాఠీలు వెనక్కి పట్టించాడు. తానే ఆ సందులో నిలబడ్డాడు. పాడె అతని పక్క నుంచి వెళ్లేటప్పుడు సావధాన్‌లోకి వచ్చి సెల్యూట్ చేశాడు. నాయకుడు మడిచి ఉన్న కండువాను తీసుకుని మళ్లీ పైన కప్పబోతే శ్రీశైలం కప్పనివ్వలేదు. జనం మొత్తం దాటేదాకా యాదగిరి చేయి దించలేదు. ఒక్క రాయి పడలేదు. బడంగ్‌పేట్ వైపు పొగ లేచినప్పుడు అతను దాని వైపు కాక జనం వెళ్లిన రోడ్డు వైపే చూస్తున్నాడు. మల్లయ్య గారికి చిన్నకొడుకు తలకొరివి పెట్టాడు.

చీకటి పడే వేళకు రిలీవర్ వచ్చాడు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. వట్టి తలతో, ఒట్టి కాళ్లతో పాడె పక్కన మోకరిల్లిన పోలీసు అధికారి, చుట్టూ జెండాలు. ‘ఉద్యమానికి తలవంచిన ఖాకీ’ అని కింద రాశారు. చనిపోయింది ఎవరో, ఆ అధికారికి ఏమవుతాడో ఆ పేపరుకు అక్కర్లేకపోయింది. మా కార్యాలయంలోనూ అదే చదువుకున్నారు. పదకొండో రోజు కార్యం కాకముందే యాదగిరికి ఛార్జ్ మెమో ఇచ్చారు. మా శాఖలో శిక్షకు ముందు వచ్చే సంజాయిషీ కాగితం అది. ఆందోళనకారుల సమక్షంలో టోపీ, బూట్లు తీసి యూనిఫారం గౌరవాన్ని దిగజార్చడం, తద్వారా ఆందోళనకు సంఘీభావం తెలపడం. ఇవీ అభియోగాలు. పాడె దించి చూడమన్న ఆర్డరు ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. ఆ ఆర్డరు సెట్‌లో వచ్చింది కదా, గాలిలో వచ్చిన మాట గాలిలోనే పోయింది.

ఓరల్ ఎంక్వయిరీలో నేను సాక్షిని. ఎంక్వయిరీ అధికారి నాకంటే జూనియర్‌గా చేరి ముందుకు పోయినవాడు. టోపీ తీయడం చూశారా అన్నాడు. తండ్రి శవాన్ని తనే తనిఖీ చేయాల్సి వచ్చిందని చెప్పబోయాను. “అది వేరే విషయం సార్. తీశారా, లేదా?” అన్నాడు. తీశాడన్నాను. తీసి నా చేతికే ఇచ్చాడని, కాబట్టి టోపీ డ్యూటీ వదలలేదని అన్నాను. అతను తలెత్తి చూశాడు గాని రాసుకోలేదు. యాదగిరిని ఏమైనా చెప్పుకుంటావా అంటే, “తండ్రి ముంగట టోపీ పెట్టుకుని కూసునుడు నాకు రాదు సార్,” అని ఊరుకున్నాడు. ఆ ఇంట్లో టోపీ నియమం తెలిసిన నాకు ఆ మాట ఎంత కష్టం మీద వచ్చిందో తెలుసు. బతికున్నన్నాళ్లూ ఆ తండ్రి కోరింది టోపీ తీయొద్దనే. సెన్సూర్ వేశారు, అంటే సర్వీసు రికార్డుకెక్కే మందలింపు. కాగితం మీద చిన్న శిక్షే. దానివల్ల ప్రమోషన్ జాబితాలో అతని పేరు కింద ఉన్నవాళ్లంతా పైకి పోయారు. డీసీపీ గారు మాత్రం ఆ సీజన్ బందోబస్తుకు మంచి మాటలు రాయించుకుని బదిలీ మీద వెళ్లారు.

రాష్ట్రం వచ్చింది. నేను అప్పటికి రిటైరయ్యాను. ఒకసారి ఎల్బీ నగర్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో సన్మాన సభ పెట్టారు. పిలిస్తే వెళ్లాను. గేటు దగ్గర ఆ ఫోటో, నా ఎత్తుకు రెండింతలు, ఫ్లెక్సీ మీద. ఫోటోలో నేనూ ఉండాలి, టోపీ పట్టుకుని. కత్తిరించేశారు. ఆ రోజు కండువా కప్పినవాడే ఇప్పుడు పదవిలో ఉన్నాడు. యాదగిరిని వేదిక మీదికి పిలిచి, ఖాకీలో ఉండి ఉద్యమం కోసం టోపీ విసిరికొట్టిన వీరుడన్నాడు. హాలంతా చప్పట్లు. అంతకు ముందే మా శాఖలో ఒక పెద్దాయన యాదగిరికి కబురు పెట్టాడు. టోపీ తీసింది ఉద్యమానికి మద్దతుగానే అని ఒక్క దరఖాస్తు పెట్టుకో, సెన్సూర్ ఎత్తేయిస్తాం, పోయిన ప్రమోషన్ కూడా ఇప్పిస్తాం అని. ఇది నాకు యాదగిరే చెప్పాడు. ఏం చేస్తావన్నాను. “చూస్త సార్,” అన్నాడు.

మైకు అతని చేతికిచ్చారు. శాలువా పట్టుకుని ఇద్దరు వెనకే నిలబడ్డారు.

“నాకు గుడ తెలంగాణ రావాలెననే ఉండె,” అన్నాడు. మళ్లీ చప్పట్లు. అవి తగ్గేదాకా ఆగాడు. “గని టోపీ దానికోసం తీయలే. మా నాయిన సచ్చిపోయిండు, తీసిన. చిన్నప్పటి సంది ఆయన నాకు చెప్పింది ఒక్కటే, టోపీ తియ్యకురా అని. గది గుడ ఇనలేకపోయిన. వాండ్లు గుడ్డ తీసి చూడమన్నరు. మీరు కండువ కప్పిన్రు. మా నాయిన్ని మా నాయినలెక్క ఎవరు పోనిచ్చిన్రు?”

మైకు బల్ల మీద పెట్టి దిగిపోయాడు. శాలువా పట్టుకున్నవాళ్లు అలాగే నిలబడిపోయారు. ఎవరో పాట పెట్టించారు. యాదగిరి ఆర్ఐగానే రిటైరయ్యాడు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు సొంత దుఃఖం అనేది ఉండదని చాలామంది గొప్పగా చెబుతారు. అది అబద్ధం. ఉంటుంది, కానీ అది రోడ్డు మీదికి వస్తే మన దగ్గర ఉండనివ్వరు. మా వాళ్లు దాన్ని నేరమన్నారు, అటువైపు వాళ్లు త్యాగమన్నారు. కన్నకొడుకు పిలుపును పిలుపుగా విన్నది కొంగు అడ్డం పెట్టుకున్న ఆ ముసలామె ఒక్కతే అనుకుంటాను.

ఆ సంఘటన నాకు నేర్పింది పెద్దదేమీ కాదు. ఆర్డర్లు మారలేదు కాబట్టి దించి చూడమనే మాట తర్వాత కూడా సెట్‌లో వస్తూనే ఉంది. రిటైరయ్యేదాకా నా సెక్టారులో పాడె ఏది వచ్చినా నేను ముందు దారిచ్చాను, టోపీ తీశాను, ఆ తర్వాతే ఎవరిదని అడిగాను. జానీమియా చేసింది కూడా అదే కదా. అలా ఒకట్రెండుసార్లు గడ్డిబొమ్మకే టోపీ తీశాను, కుర్రాళ్లు విరగబడి నవ్వారు. నవ్వనిచ్చాను.